మద్దెల నిజంగానే ఓడు

కంప్యూటర్ల గురించి నలుగురు వాదించుకునే చోట ‘ఆడలేక మద్దెల ఓడు’ అన్న సామెత ఎవరో ఒకరి నోట రాకుండా వాదం ముగియదు. లినక్స్‌లో వైఫై పట్టడం లేదని ఒకాయన అడిగితే, మాన్యువల్ చదివావా అని ఎదురుప్రశ్న. విండోస్ అప్‌డేట్ సరిగ్గా పని మధ్యలో మీద పడి రాసుకున్నదంతా పోయిందని ఒకావిడ మొత్తుకుంటే, పని వేళలు ముందే సెట్టింగ్స్‌లో పెట్టుకోవాలి కదా, ఆ మాత్రం తెలీదా అని దెప్పిపొడుపు. మ్యాక్‌లో ఫైలును కట్ చేసి ఇంకో ఫోల్డర్లో పెట్టే దారి కనబడటం లేదంటే, ముందు నీ విండోస్ అలవాట్లు వదిలించుకో అని హితబోధ. మూడు శిబిరాల వాళ్లూ ఒకరి పొడ ఒకరికి గిట్టనివాళ్లే. అయినా ఈ ఒక్క సంగతిలో ముగ్గురిదీ ఒకటే మాట: సాఫ్ట్‌వేర్‌లో లోపం లేదు, వాడేవాడికే చేతకాలేదు.

నేను కాదంటున్నది ఈ మాటనే. ఏ ఆపరేటింగ్ సిస్టమ్ గొప్పదో తేల్చే పని ఇక్కడ పెట్టుకోను. ఆ తగాదా నలభై ఏళ్లుగా తెగకపోవడానికి కారణం కూడా ఈ మాటేనని నా అభియోగం. మద్దెలను చేతిలోకి తీసుకుని చూసే ఓపిక ఎవరికీ లేదు. అందరి చూపూ ఆడేవాళ్ల కాళ్ల మీదే.

బాగా పేరుమోసిన కేసు ఒకటి చూద్దాం. యూట్యూబ్‌లో కంప్యూటర్ సామగ్రి గురించి చెప్పి కోటి మందికి పైగా చందాదారులను సంపాదించుకున్న కెనడా వ్యాఖ్యాత లైనస్ సెబాస్టియన్, విండోస్ పక్కనపెట్టి కొన్నాళ్లు లినక్స్‌తోనే పని నడుపుకుంటానని సహచరుడితో పందెం వేశాడు. ఆ వీడియో 2021 నవంబర్‌లో వచ్చింది. కొత్తవాళ్లకు అనువైనదని అందరూ చెప్పే పాప్ ఓఎస్ అనే లినక్స్ రకాన్ని ఎంచుకున్నాడు. ఆటల కోసం స్టీమ్ అనే యాప్ కావాలి. ముందు బొమ్మలూ బటన్లూ ఉన్న యాప్ స్టోర్లో నొక్కాడు. ఏదో ఎర్రర్ చూపించి అది కుదరదంది. ఇలాంటప్పుడు లినక్స్ లోకం ఇచ్చే సలహా ఒక్కటే కదా, టెర్మినల్లో కొట్టమని. కొట్టాడు. తెరనిండా ప్యాకేజీల పేర్లు జలజలా దిగాయి. వాటి కింద, అత్యవసరమైన ప్యాకేజీలు తొలగిపోతాయి, ఏం చేస్తున్నారో కచ్చితంగా తెలిస్తే తప్ప ఇది చేయకూడదు అని ఒక హెచ్చరిక. ఆ తర్వాత, ముందుకు పోవాలంటే ‘యెస్, డూ యాజ్ ఐ సే!’ అన్న వాక్యాన్ని ఆశ్చర్యార్థకంతో సహా టైపు చేయమన్న షరతు. చేశాడు. డెస్క్‌టాప్ మొత్తం ఊడిపోయింది. మౌస్ పోయింది, కిటికీలు పోయాయి, నల్లతెర మీద అక్షరాలు మిగిలాయి.

ఆ తర్వాత జరిగిన రాద్ధాంతం అంతా ఇంతా కాదు. హెచ్చరిక అంత స్పష్టంగా ఉంటే చదవకుండా టైపు చేసినవాడిది తప్పు కాక ఇంకెవరిది అన్నారు. పైకి బలమైన వాదనే. కానీ ఆ మనిషి అడిగింది ఒక యాప్ పెట్టమని. యంత్రం చేయబోయింది ఇంటి గోడలు కూల్చడం. అడిగినదానికీ జరగబోయేదానికీ ఏ పొంతనా లేనప్పుడు, మధ్యలో ఎంత పెద్ద అక్షరాలతో హెచ్చరిక పెట్టినా దాన్ని నమ్మేదెవరు? ఆ జాబితాలోని పేర్లలో ఏది డెస్క్‌టాప్, ఏది లాగిన్ తెర అన్నది అప్పటికే లినక్స్‌తో కాపురం చేసినవాడికి తెలుస్తుంది గానీ నిన్న వచ్చినవాడికి ఎలా తెలుస్తుంది? స్టీమ్ పెట్టబోతే డెస్క్‌టాప్ పోవడం అసలు ఆ ప్యాకేజీని కూర్చినవాళ్ల పొరపాటు. దాన్ని వాళ్లు వెంటనే సరిదిద్దారు. అంతటితో ఆగలేదు. ఆ వాక్యం టైపు చేసినంత మాత్రాన వ్యవస్థ ఊడిపోకుండా ప్యాకేజీలు పెట్టే ఆప్ట్ పనిముట్టునే మార్చారు. తప్పు నూటికి నూరుపాళ్లూ వాడినవాడిదే అయితే, తయారుచేసినవాళ్లు దిద్దుకున్నదేమిటి? వాడకందార్ల తరఫున ఇంతకంటే గట్టి సాక్ష్యం నాకు దొరకలేదు. ఆ సాక్ష్యం చెప్పింది కూడా ఎదుటి పక్షమే.

హెచ్చరిక చదవరు అన్న ఫిర్యాదుకు ఇంకో చరిత్ర కూడా ఉంది. 2007లో విండోస్ విస్టా వచ్చినప్పుడు, చీటికీమాటికీ తెర మసకబారి, దీనికి అనుమతిస్తారా అని ఒక పెట్టె లేచేది. గడియారం సమయం మార్చాలన్నా లేచేది. సాఫ్ట్‌వేర్ తయారీదార్లను దారికి తేవడానికి వాడకందార్లకు చిరాకు తెప్పించడమే మా ఉద్దేశం అని మైక్రోసాఫ్ట్ మేనేజర్ ఒకరు 2008లో సభాముఖంగానే చెప్పారు. రోజుకు పదిసార్లు అనవసరంగా అడిగితే పదకొండోసారి జనం చదువుతారా? చూడకుండా ‘ఓకే’ నొక్కడం వాళ్లకు నేర్పింది ఎవరు? 2009లో విండోస్ 7తో ఆ పెట్టెలను బాగా తగ్గించుకున్నారు. ఇక్కడా తయారీదారే దిద్దుకున్నాడు.

సరే, ఇవన్నీ రానివాళ్ల సంగతులు, నేర్చుకున్నవాడికి ఈ బాధలు ఉండవు అంటారు. అదీ అబద్ధమే.

2017 ఫిబ్రవరి 28న అమెజాన్ క్లౌడ్‌లో ఎస్3 అనే నిల్వ సేవ అమెరికా తూర్పు తీరపు కేంద్రంలో కొన్ని గంటలపాటు కుప్పకూలింది. దాని మీద ఆధారపడ్డ వెబ్‌సైట్లు వరసగా పడిపోయాయి. కారణం, అనుమతి ఉన్న ఒక ఉద్యోగి, రాసిపెట్టి ఉన్న పద్ధతి ప్రకారమే కొన్ని సర్వర్లను పక్కకు తీయబోతూ కమాండ్‌లో ఒక అంశాన్ని తప్పుగా ఇచ్చాడు. అనుకున్నదానికంటే ఎక్కువ సర్వర్లు పోయాయి. టెర్మినల్ రాని మనిషి కాదు, అదే ఆయన వృత్తి. అమెజాన్ బయటపెట్టిన వివరణలో ఆ ఉద్యోగిని తిట్టిన మాట ఒక్కటీ లేదు. పనిముట్టు అంత ఎక్కువ సర్వర్లను అంత వేగంగా తీసేయనివ్వడమే లోపమని ఒప్పుకుని, ఇకపై నెమ్మదిగా మాత్రమే తీసేలా, కనీస సంఖ్య కంటే తగ్గనివ్వకుండా దాన్ని మార్చామని చెప్పింది. వాళ్ల తెలివి అక్కడ ఉంది. తమ ఇంజనీరుకు ఇచ్చిన ఆ మర్యాదను ఈ లోకం మామూలు మనిషికి ఎందుకు ఇవ్వదు?

ప్రోగ్రామర్ల లోకంలోనే ఇంకో ముచ్చట. విమ్ అనే ఎడిటర్లోంచి బయటపడటం ఎలా అన్న ఒక్క ప్రశ్నను పది లక్షలసార్లు తెరిచి చూశారని 2017లో స్టాక్ ఓవర్‌ఫ్లో సంస్థ సరదాగా ప్రకటించింది. చూసినవాళ్లలో ఎక్కువమంది కోడ్ రాసి బతికేవాళ్లే అయ్యుంటారు. ఇక లినక్స్ కెర్నల్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్, 2011లో గ్నోమ్ డెస్క్‌టాప్ మూడో రూపం వచ్చినప్పుడు దాన్ని దుమ్మెత్తిపోసి, ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే పాత తరహా డెస్క్‌టాప్‌కు మారిపోయాడు. అదే మాట ఒక గుమాస్తా అంటే మార్పును అంగీకరించలేని ముసలితనం. టోర్వాల్డ్స్ అంటే విమర్శ! మాన్యువల్ చదవమని ఆయనకు చెప్పిన మగాడు ఎవరైనా ఉన్నాడేమో కనుక్కోవాలి.

కంప్యూటర్లు ఇళ్లకు రాకముందే ఈ వ్యాజ్యం ఒకసారి తేలింది. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా బీ-17 బాంబర్లు నేలమీదికి క్షేమంగా దిగాక, పైలట్లు రెక్కల ఫ్లాపులు ముడవబోయి చక్రాలు ముడిచేసేవాళ్లు. విమానం కడుపు మీద చతికిలబడేది. పైలట్ తప్పిదం అని రాసి ఫైలు మూసేసేవారు. అల్ఫాన్స్ చపానిస్ అనే యువ మనస్తత్వ శాస్త్రవేత్త కాక్‌పిట్‌లోకి వెళ్లి చూస్తే, రెండు పనుల మీటలూ పక్కపక్కనే, అచ్చం ఒకేలా ఉన్నాయి. చక్రాల మీటకు చిన్న రబ్బరు చక్రం, ఫ్లాపుల మీటకు చీలిక ఆకారపు ముక్క తగిలించాడు. చేతికి తడిమితేనే తేడా తెలిసిపోయింది. యుద్ధం ముగిశాక 1947లో పాల్ ఫిట్స్, రిచర్డ్ జోన్స్ ఇలాంటి ‘పైలట్ తప్పిదాలు’ 460 సేకరించి విడదీసి చూపిస్తే, ఒకే తరహా తప్పులు మళ్లీమళ్లీ, మీటల అమరిక వల్లే జరుగుతున్నాయని తేటతెల్లమైంది. మళ్లీ శిక్షణ ఇవ్వలేదు, మంచి పైలట్లను వెతకలేదు. మీట మార్చారు. ఎనభై ఏళ్ల కింద విమానాల వాళ్లు నేర్చుకున్న పాఠం సాఫ్ట్‌వేర్ వాళ్ల దగ్గరికి ఇంకా నడిచి వస్తూనే ఉంది.

ఇంతకంటే ఖరీదైన పాఠం కావాలా? 2020 ఆగస్టు 11న సిటీబ్యాంకు, రెవ్లాన్ అనే సౌందర్య సాధనాల కంపెనీ అప్పు మీద రుణదాతలకు సుమారు 78 లక్షల డాలర్ల వడ్డీ పంపాల్సి ఉంది. పంపింది దాదాపు 89 కోట్ల డాలర్లు, అదీ సొంత సొమ్ము. ఆ రోజు చేయాల్సిన లావాదేవీని ఫ్లెక్స్‌క్యూబ్ సాఫ్ట్‌వేర్లో నేరుగా చేసే వీల్లేదు. మొత్తం అప్పు తీర్చేస్తున్నట్టు నటించి, అసలును మాత్రం బ్యాంకు లోపలి ఖాతాకు మళ్లించాలి. మళ్లించాలంటే ప్రిన్సిపల్, ఫ్రంట్, ఫండ్ అనే మూడు గడులూ నింపాలి. అసలు అంటే ప్రిన్సిపల్ కదా, ఆ గడి ఒక్కటి నింపితే చాలనుకున్నారు. ఒకరు ఎక్కించాలి, ఒకరు సరిచూడాలి, ఇంకొకరు ఆమోదించాలి అన్న ఆరు కళ్ల నియమం బ్యాంకులో పక్కాగా అమలైంది. మన దేశంలో కూర్చున్న కాంట్రాక్టు ఉద్యోగులు ఇద్దరు, అమెరికాలో ఒక సీనియర్ మేనేజరు, ముగ్గురూ చూశారు. ముగ్గురూ సరేనన్నారు. డబ్బు వెళ్లిపోయింది.

మరునాడు గానీ ఎవరికీ తెలియలేదు. అందులో 50 కోట్ల డాలర్ల దాకా రుణదాతలు వెనక్కి ఇవ్వబోమన్నారు. 2021 ఫిబ్రవరిలో కోర్టు వాళ్ల పక్షమే తీర్పిచ్చింది. 2022 సెప్టెంబర్‌లో పై కోర్టు దాన్ని కొట్టేసేదాకా బ్యాంకుకు నిద్ర లేదు. ఇప్పుడు చెప్పండి, ముగ్గురు వేర్వేరు మనుషులు, రెండు దేశాల్లో, ఒకే తెరను చూసి ఒకే తప్పు నమ్మారంటే ముగ్గురూ తెలివితక్కువవాళ్లా? ఫ్రంట్ అనే గడి ఎందుకుందో ఆ తెర మీద ఎక్కడా లేదు. అన్నట్టు ఫ్లెక్స్‌క్యూబ్ పుట్టింది మన దేశంలోనే. తయారుచేసిందీ మనవాళ్లే, దాని కింద నలిగిందీ మనవాళ్లే.

ఇక్కడ ప్రతిపక్షం ఇంకో మెట్టు దిగుతుంది. కష్టమైన పని కష్టంగానే ఉంటుంది, వీణ నేర్చుకోవడం సులువా, ఆపరేషన్ చేయడం సులువా అంటుంది. ఒప్పుకుంటాను. పనిలోనే ఉన్న కష్టాన్ని ఎవరూ తీసేయలేరు. కానీ పని పెట్టే కష్టం వేరు, పనిముట్టు పెట్టే కష్టం వేరు. అప్పుల లెక్క చిక్కుగా ఉండటం పని కష్టం. మూడు గడులు నింపితేనే ఒక మాట వింటాననడం పనిముట్టు పొగరు. కట్-కాపీ-పేస్ట్‌ను మనకిచ్చినవాళ్లలో ఒకడైన లారీ టెస్లర్ 1980లలోనే దీనికి లెక్క చెప్పాడు: ఏ ప్రోగ్రాముకైనా కొంత చిక్కు తప్పదు, దాన్ని మోసేది ఎవరన్నదే ప్రశ్న. ఒక ఇంజనీరు ఒక వారం మోస్తే లక్షల మందికి రోజూ మోసే బాధ తప్పుతుంది. ఇంజనీరు దించుకుంటే ఆ బరువు లక్షల మంది నెత్తికెక్కుతుంది. మాన్యువల్ చదువుకోమనడం అంటే ఈ బరువును మర్యాదగా బదిలీ చేయడమే.

అలవాటైతే అదే వస్తుంది అన్నది మైక్రోసాఫ్ట్ పక్షం వాళ్ల ఇష్టమైన మాట. 2012 అక్టోబర్‌లో విండోస్ 8 తెచ్చినప్పుడు పదిహేడేళ్లుగా కింది మూలన ఉన్న స్టార్ట్ బటన్ తీసేశారు. తెర మూలకు మౌస్ తీసుకెళితే ఏదో లేస్తుందట. లేస్తుందని తెర మీద రాసి ఉండదు. కంప్యూటర్ ఆపడం ఎలాగో తెలియక జనం తికమకపడ్డారు. అప్పుడు కూడా, జనం మార్పుకు భయపడతారు, నాలుగు రోజులకు సర్దుకుంటారు అన్నారు. జనం సర్దుకోలేదు. ఏడాది తిరిగేసరికి 8.1తో బటన్ వెనక్కి వచ్చింది. 2015 జులైలో విండోస్ 10తో మెనూ కూడా తిరిగొచ్చింది. ఆ మూడేళ్లు మూర్ఖులనిపించుకున్నవాళ్లు చెప్పిందే చివరికి కంపెనీ చేసింది. వాళ్లకు క్షమాపణ చెప్పినవాళ్లు మాత్రం నాకు కనబడలేదు. కారు నడపడం నేర్చుకోలేదా అని ఉపమానం చెప్పేవాళ్లకు ఒక మాట: కారులో బ్రేకు మూడేళ్లకోసారి చోటు మారదు.

మన దగ్గరికి వద్దాం. తెలుగు చదువరుల్లో, ఏ కంప్యూటర్లోనైనా చదవగలిగే యూనికోడ్ తెలుగుకు అభిమానులు చాలామంది. నేనూ వాళ్లలో ఒకణ్ని. మా మేధావి వర్గానికి ఒక శత్రువున్నాడు, డీటీపీ ఆపరేటరు. ఇరవై ఏళ్లుగా పేజ్‌మేకర్, అను ఫాంట్లు పట్టుకుని వేలాడుతున్న మొండిఘటం అని మా తీర్పు. విజయవాడ ఏలూరు రోడ్డు పక్క సందుల్లో ఏ డీటీపీ సెంటర్‌కైనా వెళ్లి చూడండి. పాత విండోస్, 2001 నాటి పేజ్‌మేకర్ 7, అను స్క్రిప్ట్ మేనేజర్లో యాపిల్ కీబోర్డ్ లేఅవుట్. పెళ్లిపత్రిక మేటర్ యూనికోడ్‌లో మెయిల్ చేశానంటే ఆపరేటరు తల అడ్డంగా ఊపుతాడు. “వద్దు సార్, కన్వర్టర్‌లో వేస్తే వత్తులు చెదురుతాయి. మళ్లీ ప్రూఫ్ చూడాలి. వాట్సాప్‌లో ఫొటో పెట్టండి, కొట్టేస్తా.” కొట్టేస్తాడు కూడా. కీబోర్డు వంక చూడడు, పది నిమిషాల్లో పత్రిక తయారు.

ఇతన్ని మొండివాడంటున్నవాళ్లు అతని వైపు లెక్క ఎన్నడైనా వేశారా? అను ఫాంట్లలో తెలుగు ముక్కలు ఇంగ్లీషు అక్షరాల గడుల్లో కూర్చుని ఉంటాయి. ఫాంటు లేని కంప్యూటర్లో ఆ ఫైలు తెరిస్తే పిచ్చి గీతలే. అది లోపమని అతనికి మనకంటే బాగా తెలుసు. కానీ 2001లో విండోస్ ఎక్స్‌పీ గౌతమి ఫాంటుతో తెలుగును తెచ్చినప్పుడు కూడా, కంట్రోల్ ప్యానెల్లో రీజినల్ సెట్టింగ్స్ లోపలికి వెళ్లి, సంక్లిష్ట లిపుల పెట్టెలో టిక్కు పెట్టి, విండోస్ సీడీ పెట్టమంటే పెట్టి, రీస్టార్ట్ చేస్తే గానీ వత్తులు కుదిరేవి కావు. సొంత భాష చదవడానికి సీడీ వెతుక్కోవాలి. పోనీ ఆ తెలుగును పేజీలో పెట్టే సాఫ్ట్‌వేర్ ఉందా? పేజ్‌మేకర్‌కు యూనికోడ్ రాదు. దాని స్థానంలో అడోబ్ తెచ్చిన ఇన్‌డిజైన్‌లో తెలుగుకు సొంత ఏర్పాటు 2012లో సీఎస్6తో గానీ రాలేదు. అప్పటికి అతని దగ్గర పదేళ్ల ఫైళ్లు, వేళ్లకు పట్టిన లేఅవుట్, రకరకాల అక్షరాల అందం. యూనికోడ్‌లో అప్పటికి చెప్పుకోదగ్గ ఫాంట్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. సిలికానాంధ్ర సంస్థ చొరవతో మండలి, రామరాజ లాంటివి ఉచితంగా వచ్చింది ఆ రోజుల్లోనే. ఇన్‌డిజైన్ చందా కట్టి, పాత ఫైళ్లు మార్చుకుని, వేళ్లను మళ్లీ తీర్చుకునే ఖర్చు పెళ్లిపత్రిక మీద తిరిగొస్తుందా? రాదు. ఆ మాత్రం లెక్క అతనికి వచ్చు. రాంది మనకి.

తెలుగు లిపికి ఇంతకంటే పెద్ద అవమానం 2018 ఫిబ్రవరిలో జరిగింది. ఐఫోన్‌కు ‘జ్ఞా’ అన్న అక్షరం ఒక ప్రత్యేక రూపంలో మెసేజ్‌లో వస్తే చాలు, దాన్ని చూపించే యాప్ కుప్పకూలేది. జ, పొల్లు, ఞ, ఆ తర్వాత కంటికి కనబడని ఒక విడదీత గుర్తు, చివర దీర్ఘం: ఈ వరసను ఐఓఎస్ తట్టుకోలేకపోయింది. ప్రపంచ పత్రికల్లో శీర్షికలు ఎలా వచ్చాయో గుర్తుందా? ఐఫోన్లను కూల్చేస్తున్న తెలుగు అక్షరం అని! కూలింది యాపిల్ రాసిన కోడ్. పేరు చెడ్డది మన అక్షరానికి. ఫిబ్రవరి 19న 11.2.6 అప్‌డేట్‌తో యాపిల్ దాన్ని సరిచేసింది. అక్షరం ఎప్పటిలాగే ఉంది. వాడేవాణ్ని నిందించే బుద్ధి ముదిరితే వాడి భాషను కూడా నిందిస్తుందని దీన్ని బట్టి అర్థమవుతోంది.

మనవాళ్లకు చదువు తక్కువ, టెక్నాలజీ ఎక్కదు అని ఇంకో పాట ఉంది. 2016లో వచ్చిన యూపీఐ ఆ పాటకు గండి కొట్టింది. రైతుబజారులో ఆకుకూరలమ్మే అవ్వ ఏ మాన్యువల్ చదవలేదు. బండి మీద క్యూఆర్ బొమ్మ అంటించింది, పక్కన సౌండ్‌బాక్స్ పెట్టింది. ఇరవై రూపాయలు పడితే డబ్బా తెలుగులో చెబుతుంది. ఆమె తెర చూడక్కర్లేదు, అక్షరం రానక్కర్లేదు, బేరం మధ్యలో చెయ్యి ఆపనక్కర్లేదు. బరువును డబ్బా మోసింది. అదే అవ్వ పింఛను కోసం ఏదో ఆఫీసు వెబ్‌సైట్లో, ఇన్ని కేబీల లోపు ఫొటో, అన్ని కేబీల లోపు పీడీఎఫ్ పెట్టాల్సి వచ్చేసరికి నెట్ సెంటర్ కుర్రాడికి యాభై ఇచ్చి దండం పెడుతుంది. ఫొటోను చిన్నది చేయడం సర్వర్‌కు చేతకాని పనా? మనిషి అదే మనిషి. మారింది ఎదురుగా ఉన్న సాఫ్ట్‌వేర్.

లినక్స్ కష్టమన్న మాట కూడా ఇలాగే తేలిపోతుంది. కేరళ ప్రభుత్వ పాఠశాలల్లో పిల్లలు కంప్యూటర్ నేర్చుకునేది లినక్స్ మీదే. 2019లో ఆ రాష్ట్ర ప్రభుత్వ సంస్థ కైట్ రెండు లక్షలకు పైగా కంప్యూటర్లకు ఉబుంటు అనే లినక్స్ రకం ఆధారంగా తయారుచేసిన కొత్త రూపాన్ని ఇచ్చింది. మలయాళం ముందే ఉంది, పాఠాలకు కావాల్సిన ప్రోగ్రాములు ముందే ఉన్నాయి, టీచర్లకు శిక్షణ ఉంది. వైఫై డ్రైవర్ వెతుక్కోమని ఏడో తరగతి పిల్లను ఎవరూ తిట్టలేదు. కష్టం లినక్స్‌లో లేదు, ఒంటరిగా వదిలేయడంలో ఉంది.

చివరిగా ఒక వాదన ఉంది, అన్నిటికంటే గౌరవించాల్సినది. ఉచిత సాఫ్ట్‌వేర్‌ను జీతం లేకుండా రాసేవాళ్లు మనకు ఏమీ బాకీ లేరు, సులువుగా చేసిపెట్టమనే హక్కు మనకెక్కడిది అంటారు. నిజమే, బాకీ లేరు. కానీ రాకపోయినవాణ్ని చవట అని తిట్టే హక్కు కూడా అంతే లేదు. ఈ పక్షంలోనే దారి చూపినవాళ్లున్నారు. బ్లెండర్ అనే త్రీడీ సాఫ్ట్‌వేర్లో ఏళ్ల తరబడి వస్తువును ఎంచుకోవాలంటే మౌస్ కుడి బటన్ నొక్కాలి. లోకమంతా ఎడమది నొక్కుతుంటే మాదే సరైనదని పాతకాపులు పోట్లాడారు. 2019 జులైలో 2.80 రూపంలో ఎడమ బటన్‌నే మామూలు పద్ధతిగా పెట్టారు, తెరను మొత్తం తిరగరాశారు, కుడి బటన్ కావాలన్నవాళ్లకు సెట్టింగ్స్‌లో ఉంచేశారు. పాతవాళ్ల చేతి అలవాటు పోలేదు, కొత్తవాళ్ల దండు దిగింది. ఆ బ్లెండర్‌తో లాట్వియా దర్శకుడు తీసిన ‘ఫ్లో’ సినిమా 2025లో ఉత్తమ యానిమేషన్ చిత్రంగా ఆస్కార్ గెలిచింది. సులువు చేస్తే ప్రొఫెషనల్ పనికి పనికిరాదని బెంగపడ్డవాళ్లు ఆ సినిమా ఒకసారి చూడాలి.

వాడేవాళ్లందరూ అమాయకులని నేననడం లేదు. ఏ తెరనూ చూడకుండా ఏదో ఒకటి నొక్కేవాళ్లు ఉన్నారు, మూడుసార్లు చెప్పినా వినని మేనమామ ప్రతి ఇంట్లోనూ ఉన్నాడు. ఒక్కడు తప్పు చేస్తే వాడి అజాగ్రత్త అనుకోవచ్చు. పదిమంది ఒకేచోట అదే తప్పు చేస్తే సాఫ్ట్‌వేర్‌ను బోనెక్కించాలి. కంప్యూటర్ తెలిసిన మనకు ఇందులో ఒక పని ఉంది. ఇంట్లోనో ఆఫీసులోనో ఎవరైనా ‘ఇది రావడం లేదు’ అని పిలిస్తే మౌస్ లాక్కోకండి, తల కొట్టుకోకండి. తెర మీద ఏం కనిపిస్తోందో చదవమనండి, దాన్ని బట్టి ఏమనుకున్నారో చెప్పమనండి. ఆ మాటలను అలాగే రాసి, స్క్రీన్‌షాట్ జతచేసి, ఆ సాఫ్ట్‌వేర్ తయారుచేసినవాళ్లకు ఫిర్యాదుగా పంపండి. తెలుగులో వచ్చిన చిక్కయితే తెలుగులోనే పంపండి, అనువదించుకునే బరువు వాళ్లు మోస్తారు.